ఆంగ్ల వాక్యంలో క్రియాపద నిర్ణయం : తిఙంత, సమాపక భావనల ఉపయోగం

1. ప్రస్తావన

వాక్యార్థ జ్ఞానానికి క్రియాపద నిర్ణయం మూలం. సంస్కృత శ్లోకానికి ఖండాన్వయం చెప్పే అధ్యాపకుడు ముందుగా క్రియాపదాన్ని పట్టుకుంటాడు. పిదప "ఎవరు?", "దేనిని?", "దేనిచేత?", "ఎక్కడ?" అనే ఆకాంక్షలను కల్పిస్తూ తక్కిన పదాలను ఒక్కొక్కటిగా దానికి చేరుస్తాడు. క్రియను పొరపాటుగా గుర్తిస్తే కర్త మారుతుంది, కర్మ మారుతుంది, చివరకు శ్లోకార్థమే తారుమారవుతుంది. ఆంగ్ల వాక్యానికీ ఈ న్యాయమే వర్తిస్తుంది. అయితే ఆంగ్లంలో క్రియాపదాన్ని గుర్తించడం తెలుగు విద్యార్థికి క్లేశకరంగా పరిణమిస్తున్నది. దీనికి కారణం విద్యార్థి మాంద్యం కాదు. అతనికి బోధింపబడిన నిర్వచనంలోని లోపం.

తెలుగులో క్రియ సాధారణంగా వాక్యాంతంలో ఉంటుంది. తాండవ నదికి ఒక ఒడ్డున పాయకరావుపేట, ఎదుటి ఒడ్డున తుని ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో మొదటిది అనకాపల్లి జిల్లాలోకి, రెండవది కాకినాడ జిల్లాలోకి చేరాయి. "తాండవ పాయకరావుపేటకూ తునికీ మధ్య ప్రవహిస్తుంది" అనే వాక్యంలో క్రియ ఏదని అడిగితే విద్యార్థి చివరి పదాన్ని చూపుతాడు. అది సరియైన సమాధానమే. అదే విషయాన్ని "ది తాండవ ఫ్లోస్ బిట్వీన్ పాయకరావుపేట అండ్ తుని" అన్నప్పుడు చివరి పదం "తుని". క్రియ వాక్యం నడుమ ఉన్నది. అలవాటుపడిన స్థానం ఇక్కడ సాయపడదు. అప్పుడతడు నిర్వచనాన్ని ఆశ్రయిస్తాడు. ఆ నిర్వచనమూ అతనిని నట్టేట విడుస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2020-21 విద్యా సంవత్సరం నుంచి ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు గల ద్విభాషా పాఠ్యపుస్తకాలను ప్రవేశపెట్టారు. దీనితో ఈ సమస్యకు కొత్త ప్రాధాన్యం కలిగింది. విద్యార్థి రెండు వాక్యాలనూ పక్కపక్కన చూస్తున్నాడు. ఒకదానిలోని క్రియకు మరొకదానిలో జోడును వెదకుతున్నాడు. ఆ వెదకులాటకు దారి చూపగల సాధన సామగ్రి సంస్కృతాంధ్ర వ్యాకరణాల్లో సిద్ధంగా ఉన్నదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. పాయకరావుపేట పరిసరాల బాలునికి పరిచితమైన విషయమైతే అర్థక్లేశం తొలగి దృష్టి రూపం మీద నిలుస్తుంది. కనుక ఉదాహరణలు ఆ ప్రాంత జీవనం నుంచే గ్రహింపబడ్డాయి.

2. ప్రచలిత నిర్వచనం – లక్షణ దోషాలు

"పనిని తెలిపే మాట క్రియ" అన్నది ప్రాథమిక తరగతుల నుంచి విద్యార్థి వల్లించే నిర్వచనం. తర్కశాస్త్రం లక్షణానికి చెప్పిన దోషాల దృష్టితో చూస్తే ఇందులో రెండు దోషాలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది అవ్యాప్తి. లక్ష్యమైన పదాలన్నిటికీ ఈ లక్షణం అన్వయించదు. "తుని ఈజ్ ఎ టౌన్" అన్న వాక్యంలో "ఈజ్" ఏ పనినీ తెలపదు. "షి నోస్ తెలుగు", "ది బోట్ బిలాంగ్స్ టు హిమ్" అన్నప్పుడు తెలియడం, చెందడం పనులు కావు, స్థితులు, సంబంధాలు. ఐనా ఇవన్నీ క్రియలే.

రెండవది అతివ్యాప్తి. క్రియలు కాని పదాలకు కూడా ఈ లక్షణం వర్తిస్తుంది. "ది వర్క్ వాజ్ హార్డ్" అన్న వాక్యంలో పనిని తెలిపే మాట ఏదంటే "వర్క్" అని విద్యార్థి చెబుతాడు. నిర్వచనం ప్రకారం అతడు తప్పు చెప్పలేదు. కాని అక్కడ "వర్క్" నామం, క్రియ "వాజ్".

ఆంగ్ల పాఠశాల వ్యాకరణాలు సైతం క్రియను ఇంత సంకుచితంగా నిర్వచించలేదు. 1795లో లిండ్లీ మరే ప్రకటించిన ప్రసిద్ధ వ్యాకరణం ఉండడం, చేయడం, అనుభవించడం అనే మూడింటినీ క్రియార్థాలుగా చెప్పింది. వాటిలో "చేయడం" ఒక్కటే మన పాఠశాలల్లో నిలిచి తక్కిన రెండూ జారిపోయాయి.

యాస్కుడు ఈ విషయాన్ని ఇంతకంటె సూక్ష్మంగా పరిశీలించాడు. నిరుక్త ప్రథమాధ్యాయంలో అతడు నామానికి సత్త్వాన్ని, ఆఖ్యాతానికి భావాన్ని ప్రధానంగా చెప్పాడు. "భావం" అన్నది "పని" కంటె విస్తృతమైనది. ఆ సందర్భంలోనే వార్ష్యాయణి మతంగా ఆరు భావవికారాలను పేర్కొన్నాడు: పుట్టడం, ఉండడం, మార్పు చెందడం, పెరగడం, క్షీణించడం, నశించడం. ఇందులో ఉండడం కూడా చేరినందున "ఈజ్" క్రియ ఎట్లా అవుతుందన్న శంకకు తావులేదు. అవ్యాప్తి ఈ విధంగా తొలగుతుంది.

అతివ్యాప్తికి కూడా యాస్కుడే సమాధానం సూచించాడు. ముందువెనుకలుగా సాగే భావాన్ని ఆఖ్యాతం చెబుతుంది. ఆ భావమే ఘనీభవించి ఒక వస్తువువలె భాసించినప్పుడు దానిని నామం చెబుతుంది. "వ్రజ్య", "పక్తి" అన్న పదాలు ఇందుకు అతడిచ్చిన ఉదాహరణలు. నడవడం, వండడం పనులే అయినా ఈ పదాలు నామాలే. "వర్క్" నామమైన చోట జరిగినదీ ఇదే. కనుక అర్థం ఒక్కటే క్రియను నిర్ణయించజాలదు. రూపాన్ని కూడా పరిశీలించవలసి ఉన్నది.

3. రూపాన్ని బట్టి నిర్ణయం

పాణిని పదాన్ని అర్థాన్ని బట్టి కాక అంతమందలి ప్రత్యయాన్ని బట్టి నిర్వచించాడు. సుప్పులు అంతమందు గలది సుబంతం; తిఙ్ఙులు అంతమందు గలది తిఙంతం. పరస్మైపదంలో తొమ్మిది, ఆత్మనేపదంలో తొమ్మిది, మొత్తం పద్దెనిమిది తిఙ్ ప్రత్యయాలు పురుషను, వచనాన్ని వ్యక్తం చేస్తాయి. లకారాలు కాలాన్ని, తదితర అర్థాలను బోధిస్తాయి. ఆ ప్రత్యయాలను ధరించిన పదం ఏ అర్థాన్ని చెప్పినా తిఙంతమే.

ఇది భారతీయ వ్యాకరణానికి మాత్రమే పరిమితమైన దృష్టి కాదు. డయొనీసియస్ త్రాక్స్ పేరిట ప్రసిద్ధమైన ప్రాచీన గ్రీకు వ్యాకరణం కూడా విభక్తి లేనిదిగా, కాల పురుష వచనాలను గ్రహించేదిగా క్రియను లక్షించింది. విభక్తిని గ్రహించేది ఒక పక్షం, కాలాన్ని గ్రహించేది మరొక పక్షం అన్న విభాగం రెండు సంప్రదాయాల్లోనూ ఉన్నది.

ఆధునికాంగ్లంలో ప్రత్యయాలు చాలావరకు లోపించాయి. ఐనా మిగిలిన కొద్దిపాటి రూపభేదం క్రియను గుర్తించడానికి చాలును. "ఫ్లోస్" అన్నది వర్తమాన కాలంలో ఏకవచన ప్రథమ పురుష రూపం. "ఫ్లోడ్" భూతకాల రూపం. దీని నుంచి తరగతిలో ఉపయోగించదగిన ఒక పరీక్ష సిద్ధిస్తుంది: వాక్యానికి ముందు "నిన్న" లేదా "పూర్వం" అన్న అర్థం గల మాట చేర్చి వాక్యాన్ని మార్చినప్పుడు ఏ పదం రూపం మారుతుందో అది క్రియ. "ది తాండవ ఫ్లోస్" అన్నది "ది తాండవ ఫ్లోడ్" అవుతుంది. తక్కిన పదాలలో మార్పు లేదు. "ది వర్క్ ఈజ్ హార్డ్" అన్నది "ది వర్క్ వాజ్ హార్డ్" అవుతుంది. "వర్క్" కదలలేదు, "ఈజ్" కదిలింది. కదిలినదే క్రియ.

"కట్", "పుట్" వంటి ధాతువులకు వర్తమాన, భూత రూపాలు ఒక్కటే. అక్కడ కాల పరీక్ష పనిచేయకపోతే వచన పరీక్ష చేయవచ్చు. "ది ఫార్మర్స్ కట్ ది కేన్" అన్నదానిలో కర్తను ఏకవచనం చేస్తే "ది ఫార్మర్ కట్స్ ది కేన్" అవుతుంది. కర్తతోపాటు మారిన పదం "కట్". కనుక అది క్రియ.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆంగ్లంలో "స్" అన్న ప్రత్యయం నామానికి చేరితే బహువచనం, క్రియకు చేరితే ఏకవచనం. విద్యార్థి దానిని బహువచన చిహ్నంగానే మొదట నేర్చుకుంటాడు. కనుక "ది బస్సెస్ స్టాప్స్" అని క్రియకు కూడా బహువచనం చేర్చడానికి ప్రయత్నిస్తాడు. తెలుగులో "బస్సులు ఆగుతాయి" అన్నప్పుడు కర్తలోనూ క్రియలోనూ బహుత్వం కనిపిస్తుంది. ఆ సంస్కారమే ఈ దోషానికి మూలం. ఒకే ఆకారం గల ప్రత్యయం ఒకచోట సుప్ స్థానీయం, మరొకచోట తిఙ్ స్థానీయం అని వివరిస్తే ఈ భ్రాంతి నివర్తిస్తుంది.

4. సమాపకాలు – అసమాపకాలు

ఆంగ్ల వాక్యంలో ధాతుజన్య పదాలన్నీ క్రియలు కావు. ఈ విషయంలో సంస్కృతం కంటె తెలుగు వ్యాకరణమే సన్నిహితంగా సాయపడుతుంది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలోని క్రియా పరిచ్ఛేదంలో క్త్వార్థకం, శత్రర్థకం, తుమర్థకం మొదలైనవి నిరూపితాలు. తరువాతి పాఠశాల వ్యాకరణాలు వీటిని అసమాపక క్రియలుగా, వాక్యాన్ని ముగించే శక్తి గలవాటిని సమాపక క్రియలుగా విభజించి బోధిస్తున్నాయి. ఈ విభాగం ఎరిగిన విద్యార్థికి ఆంగ్లంలోని సమానమైన విభాగాన్ని బోధించడం సులభం.

"జాగరీ సోల్డ్ ఇన్ అనకాపల్లి ఫెచెస్ ఎ గుడ్ ప్రైస్" అన్న వాక్యాన్ని పరిశీలించవచ్చు. ఇందులో "సోల్డ్", "ఫెచెస్" అని ధాతుజన్య పదాలు రెండు. "సోల్డ్" భూతకాల రూపం వలె కనిపించడం చేత విద్యార్థి దానినే క్రియగా భావించి, "బెల్లం అనకాపల్లిలో అమ్మింది" అని అర్థం చెప్పుకుంటాడు. అనగా బెల్లమే వర్తకుడవుతుంది. తెలుగు వాక్యం "అనకాపల్లిలో అమ్మిన బెల్లం మంచి ధర పలుకుతుంది." ఇందులో "అమ్మిన" ధాతుజ విశేషణం, "పలుకుతుంది" సమాపకం. ఈ ధాతుజ విశేషణాన్నే పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లేయ వ్యాకర్తలు "రెలెటివ్ పార్టిసిపుల్" అని వ్యవహరించారు. "సోల్డ్" అన్నది "అమ్మిన" స్థానీయమని తెలిసిన వెంటనే వాక్యం విడిపోతుంది. కాలపరీక్ష కూడా దీనినే సమర్థిస్తుంది: భూతకాలంలోకి మార్చినప్పుడు "ఫెచెస్" అన్నది "ఫెచ్డ్" అవుతుంది, "సోల్డ్" యథాతథంగా నిలుస్తుంది.

"ఇంగ్" అంతమందు గల రూపాలు మరింత మోసకరమైనవి. అవి మూడు విధాలుగా ప్రవర్తిస్తాయి.

(అ) భావార్థకం : "ఫిషింగ్ ఈజ్ దెయిర్ లైవ్లీహుడ్." పాయకరావుపేట మండలంలోని సముద్రతీర గ్రామమైన పెంటకోట వంటి చోట్ల మత్స్యకారులను గురించి చెప్పదగిన వాక్యమిది. "చేపలు పట్టడం వారి జీవనోపాధి" అని దీని అర్థం. "ఫిషింగ్" కర్త స్థానంలో ఉన్నది, క్రియ "ఈజ్".

(ఆ) విశేషణం లేదా శత్రర్థకం : "ది మెన్ మెండింగ్ ది నెట్స్ సింగ్." వలలు బాగుచేస్తున్న వారు పాడతారని అర్థం. "మెండింగ్" విశేషణం, "సింగ్" సమాపకం.

(ఇ) సమాపక సమూహంలో భాగం : "ది మెన్ ఆర్ మెండింగ్ ది నెట్స్." ఇక్కడ "ఆర్" చేరినందున "ఆర్ మెండింగ్" అన్న రెండు పదాలు కలసి క్రియ అయ్యాయి. తెలుగులో "బాగుచేస్తూ ఉన్నారు" అన్న శత్రర్థక, అస్త్యర్థక సంయోగం దీనికి సమానం.

దీనివల్ల తేలే సూత్రం ఇది: "ఇంగ్" రూపం ఒంటరిగా ఎన్నడూ సమాపకం కాదు. "ది మెన్ మెండింగ్ ది నెట్స్" అని రాసి ఆపితే "వలలు బాగుచేస్తున్న మనుషులు" అన్నంత అర్థమే వస్తుంది, ఆకాంక్ష తీరదు. "టు గో" వంటి తుమర్థకాలు కూడా ఇటువంటివే.

5. అస్తి అధ్యాహారం

తెలుగులో "తుని పట్టణం", "ఆయన ఉపాధ్యాయుడు" అన్న వాక్యాలకు క్రియ అక్కరలేదు. ఆంగ్లంలో "హి టీచర్" అనడానికి వీలులేదు; "హి ఈజ్ ఎ టీచర్" అనవలసి ఉన్నది. ఈ "ఈజ్" ఎక్కడినుంచి వచ్చిందన్న శంక విద్యార్థికి సహజం. "ఉన్నాడు" అని దానికి అర్థం చెబితే "ఆయన ఉపాధ్యాయుడు ఉన్నాడు" అన్న కృతకమైన తెలుగు పుడుతుంది.

ఇక్కడ సంస్కృత వ్యాకరణం దారి చూపుతుంది. క్రియాపదం ప్రయుక్తం కాని వాక్యంలో సైతం ప్రథమ పురుష వర్తమాన రూపమైన "అస్తి" ఉన్నట్లే గ్రహించాలని కాత్యాయనుడు వార్తికంలో నిర్దేశించాడు. సంస్కృతంలో అధ్యాహార్యమైన ఆ క్రియ ఆంగ్లంలో వాచ్యంగా ఉచ్చరింపబడుతున్నదని చెబితే విషయం విశదమవుతుంది. తెలుగు, సంస్కృతాలలో అది లోపించినా వాక్యం నిలుస్తుంది. ఆంగ్లంలో దానిని తప్పక చెప్పాలి.

ఈ క్రియ చరిత్ర కూడా సంస్కృతజ్ఞులకు ఆసక్తికరం. "బీ" ధాతువుకు ఆంగ్లంలో ఎనిమిది రూపాలున్నాయి: బీ, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. తక్కిన ధాతువులకు సాధారణంగా నాలుగైదు రూపాలకు మించవు. ఈ ఎనిమిదీ ఒక మూలం నుంచి పుట్టినవి కావు. "ఈజ్" సంస్కృతంలోని "అస్తి"కి జ్ఞాతి. "బీ" భూ ధాతువుకు జ్ఞాతి. "వాజ్" నివాసార్థకమైన వస్ ధాతువుకు జ్ఞాతి. అస్ ధాతువుకు ఆర్ధధాతుక విషయంలో భూ ఆదేశం కలుగుతుందని పాణిని విధించాడు. ఒకే క్రియ రూపావళిలో భిన్న ధాతువులు కలిసిపోవడం సంస్కృత విద్యార్థికి అపూర్వం కాదు. "ఈజ్"కు భూతకాలం "వాజ్" ఎట్లా అయిందన్న ప్రశ్నకు ఇంతకంటె సులభమైన సమాధానం దొరకదు.

6. సహాయక క్రియలు – తిఙ్ భారం

తెలుగులో వ్యతిరేకార్థం క్రియలోనే ఇమిడి ఉంటుంది: ప్రవహిస్తుంది, ప్రవహించదు. ఆంగ్లంలో వ్యతిరేకార్థానికీ ప్రశ్నకూ మరొక క్రియ సాయం కావాలి: "ది బస్ డస్ నాట్ స్టాప్ హియర్", "డస్ ది బస్ స్టాప్ హియర్?" ఇందులో క్రియ "డస్" అనాలా, "స్టాప్" అనాలా అన్నది విద్యార్థికి కలిగే సందేహం.

రూపదృష్టితో చూస్తే సమాధానం సులభం. ధాత్వర్థం "స్టాప్"లో ఉన్నది. కాల పురుష వచనాల భారాన్ని "డస్" మోస్తున్నది. అనగా ఒకే క్రియకు చెందిన ప్రకృతి ఒక పదంలోనూ ప్రత్యయం మరొక పదంలోనూ ఉన్నాయి. ఈ రెండూ కలిసి ఒక్క సమాపకం. క్రియాసమూహంలో అనేక పదాలున్నా తిఙ్ భారం మొదటి పదానిదే: "హాజ్ గాన్", "వాజ్ బీయింగ్ బిల్ట్" అన్నవాటిలో "హాజ్", "వాజ్" మాత్రమే కాలాన్ని బట్టి మారతాయి. "కెన్", "మస్ట్" వంటి సహాయకాలకు పురుష వచన భేదం లేకపోయినా సమాపకత్వం వాటిదే. వాటి తరువాత వచ్చేది శుద్ధ ధాతురూపం.

"హి డిడ్ నాట్ వెంట్" అన్నది తెలుగు విద్యార్థుల రచనల్లో తరచుగా కనిపించే దోషం. భూతకాలం కనుక "వెంట్" అని రాశానని విద్యార్థి సమర్థించుకుంటాడు. ఆ భూతకాల ప్రత్యయాన్ని "డిడ్" అప్పటికే గ్రహించింది, మరల "వెంట్" గ్రహించడానికి అవకాశం లేదు అని వివరించాలి. ఒక ధాతువు మీద రెండు తిఙ్ఙులు చేరవన్నది సంస్కృత విద్యార్థికి మొదటి పాఠంలోనే తెలిసిన విషయం. ఆ జ్ఞానాన్ని ఆంగ్లానికి అన్వయించడమే కావలసింది.

7. ఒకే ఆకారం – రెండు పదాలు

"స్టాప్", "ఫిష్", "బ్రిడ్జ్", "వాటర్" మొదలైన మాటలు నామాలుగానూ క్రియలుగానూ ప్రవర్తిస్తాయి. "ది బస్ స్టాప్స్" అన్నంత మాత్రం వింటే "బస్సు ఆగుతుంది" అనీ, "బస్సు ఆగే స్థలాలు" అనీ రెండు అర్థాలకు అవకాశం ఉన్నది. "ది బస్ స్టాప్స్ ఆర్ నియర్ ది రివర్" అన్నప్పుడు తరువాతి "ఆర్" సమాపకం కనుక "స్టాప్స్" నామమని తేలుతుంది. "ది బస్ స్టాప్స్ నియర్ ది రివర్" అన్నప్పుడు వేరొక సమాపకం లేదు కనుక అదే క్రియ.

ఇది ఆంగ్లానికి మాత్రమే ఉన్న వికారమని తలచనక్కరలేదు. సంస్కృతంలో "భవతి" అన్నది భూ ధాతువుకు లట్ ప్రథమ పురుషైకవచనం. "భవత్" శబ్దానికి సప్తమ్యేకవచనం కూడా అదే. తెలుగులో "వాడు" అన్నది సర్వనామం, "ఉపయోగించు" అన్న అర్థం గల ధాతువు కూడా. "చూపు" దృష్టి, చూపించు అన్న ధాతువు కూడా. వాక్యంలో ఆకాంక్షను బట్టి వీటిని తెలుగు పాఠకుడు అప్రయత్నంగా వేరు చేస్తున్నాడు. ఆంగ్లంలో ఆ పనిని కొంత ప్రయత్నపూర్వకంగా చేయాలి, అంతే భేదం.

8. సమాన సంఖ్యా భ్రాంతి

ద్విభాషా పుస్తకాన్ని చదివే విద్యార్థి ఆంగ్ల పుటలో ఎన్ని క్రియలుంటే తెలుగు పుటలోనూ అన్నే ఉండాలని భావించే ప్రమాదం ఉన్నది. కింది వాక్యాలు ఈ భావన సరికాదని నిరూపిస్తాయి.

"ది బస్సెస్ కమింగ్ ఫ్రమ్ అనకాపల్లి స్టాప్ నియర్ ది బ్రిడ్జ్ అండ్ టేక్ ది పాసెంజర్స్ వెయిటింగ్ టు గో టు తుని."

"అనకాపల్లి నుంచి వచ్చే బస్సులు వంతెన దగ్గర ఆగి, తునికి వెళ్ళడానికి వేచి ఉన్న ప్రయాణికులను ఎక్కించుకుంటాయి."

ఆంగ్ల వాక్యంలో ధాతుజన్య పదాలు ఐదు: కమింగ్, స్టాప్, టేక్, వెయిటింగ్, గో. కాలాన్ని మార్చి పరీక్షిస్తే "స్టాప్", "టేక్" మాత్రమే "స్టాప్డ్", "టుక్" అవుతాయి. కనుక సమాపకాలు రెండు. తెలుగు వాక్యంలో సమాపకం ఒక్కటే: "ఎక్కించుకుంటాయి". ఆంగ్లంలో "అండ్" అన్న సముచ్చయంతో కలిపిన రెండు సమాపకాలలో మొదటిది తెలుగులో "ఆగి" అన్న క్త్వార్థకంగా మారింది. సమానకర్తృకాలైన క్రియలలో పూర్వకాలికమైన దానిని క్త్వార్థకంగా చెప్పడం సంస్కృతాంధ్రాలు రెండింటికీ సహజం. ఆంగ్లం సాధారణంగా ఇటువంటి చోట రెండింటినీ సమాపకాలుగానే చెబుతుంది.

సంబంధ వాక్యాలలో ఈ భేదం మరింత స్పష్టం. "ది మాన్ హూ కేమ్ యెస్టర్డే ఈజ్ ఎ వీవర్" అన్న వాక్యంలో "కేమ్", "ఈజ్" అని సమాపకాలు రెండు. "నిన్న వచ్చిన మనిషి నేతగాడు" అన్న తెలుగు వాక్యంలో సమాపక క్రియ ఒక్కటి కూడా లేదు. "వచ్చిన" ధాతుజ విశేషణం, "ఈజ్" అధ్యాహృతం. ఇక్కడ తెలుగు దారి చూపలేదు, సంస్కృతం చూపుతుంది. "యః ... సః" అన్న యత్తదర్థక వాక్యరచనలో రెండు ఉపవాక్యాలకూ వేర్వేరు తిఙంతాలు ఉండవచ్చు. "హూ" అన్నది యచ్ఛబ్ద స్థానీయమని చెబితే దాని వెంట ఒక తిఙంతాన్ని వెదకాలన్న బుద్ధి విద్యార్థికి కలుగుతుంది. ఒకే తిఙంతం గలది వాక్యమని కాత్యాయనుడు చెప్పిన లక్షణాన్ని ఆంగ్లంలో ఉపవాక్యానికి అన్వయించుకుంటే సరిపోతుంది: ఎన్ని తిఙంతాలుంటే అన్ని ఉపవాక్యాలు.

అసమాపకాల విషయంలో తెలుగు, యత్తదర్థక వాక్యాల విషయంలోనూ అస్తి అధ్యాహారం విషయంలోనూ సంస్కృతం సాయపడుతున్నాయి. ఈ రెండు భాషలనూ అభ్యసించిన ప్రాచ్య కళాశాల విద్యార్థికి ఆంగ్ల వాక్య నిర్మాణంలో పూర్తిగా అపరిచితమైన అంశం మిక్కిలి స్వల్పమని దీనివల్ల తెలుస్తున్నది.

9. బోధన క్రమం

పై పరిశీలనను తరగతిగది ఉపయోగానికి ఈ క్రింది విధంగా క్రోడీకరించవచ్చు.

(1) వాక్యంలోని ధాతుజన్య పదాలన్నిటి కింద గీత గీయించాలి. ఈ దశలో తప్పొప్పుల విచారణ అనవసరం.

(2) "టు" పూర్వకమైన తుమర్థకాలను, సహాయకం లేని "ఇంగ్" రూపాలను తొలగించాలి.

(3) మిగిలిన వాటిని కాలం మార్చి, అవసరమైతే వచనం మార్చి పరీక్షించాలి. రూపం మారినవి సమాపకాలు. మారనివి "సోల్డ్" వంటి ధాతుజ విశేషణాలు లేదా నామాలు.

(4) సహాయకం ఉంటే దానిని, దానితో అన్వయించే ప్రధాన ధాతువును కలిపి ఒకే క్రియగా గ్రహించాలి. తిఙ్ భారం సహాయకానిదని గుర్తు చేయాలి.

(5) ప్రతి సమాపకానికీ "ఎవరు?" లేక "ఏది?" అన్న ప్రశ్న వేసి కర్తను నిర్ణయించాలి. కర్త దొరకని సమాపకం ఉంటే, విధ్యర్థక వాక్యాన్ని మినహాయించి, మునుపటి దశలను పునఃపరీక్షించాలి.

(6) చివరగా తెలుగు వాక్యంతో పోల్చి, ఏ సమాపకం అసమాపకంగా మారిందో, ఏది అధ్యాహృతమైందో విద్యార్థిచేతనే చెప్పించాలి.

ఐదవ దశ ఖండాన్వయ పద్ధతి తప్ప మరొకటి కాదన్నది ప్రాచ్య విద్యాభ్యాసం చేసిన అధ్యాపకులకు విదితమే.

10. ఉపసంహారం

పాఠశాలలో తెలుగు పండితుని పాఠానికీ ఆంగ్లోపాధ్యాయుని పాఠానికీ సంబంధం లేదన్న అభిప్రాయం వ్యాపించి ఉన్నది. తెలుగు గంటలో క్త్వార్థక శత్రర్థకాలు పరీక్ష కోసం కంఠస్థం చేయబడతాయి; ఆంగ్లపు గంటలో అవే విషయాలు కొత్త పేర్లతో మొదటినుంచి బోధింపబడతాయి. ఒకదానిలో సంపాదించిన జ్ఞానం రెండవదానిలో ప్రవేశించదు. దీనివల్ల నష్టపోయేది బాలుడు. ఇంటివద్ద ఆంగ్లం వినే అవకాశం లేని పిల్లవానికి వాక్యాన్ని విప్పి చూసుకునే పద్ధతి ఒక్కటే ఆధారం. ఆ పద్ధతి కూడా అందకపోతే పాఠాన్ని వల్లెవేయడం తప్ప గత్యంతరం లేదు.

"పనిని తెలిపేది క్రియ" అన్న నిర్వచనాన్ని పూర్తిగా త్యజించనక్కరలేదు. మొదటి మెట్టుగా అది పనికివస్తుంది. కాని అక్కడే ఆగిపోరాదు. భావాన్ని చెప్పేది, కాలాన్ని బట్టి మారేది, వాక్యాకాంక్షను తీర్చేది క్రియ అన్న మూడు లక్షణాలను క్రమంగా అందించాలి. మొదటిది యాస్కుని నుంచి, రెండవది పాణిని నుంచి, మూడవది తెలుగు వ్యాకరణంలోని సమాపక భావన నుంచి లభిస్తున్నవే. భాషా పండిత శిక్షణలో ఇటువంటి తులనాత్మక వాక్య పరిశీలనకు కొంత కాలం కేటాయించినట్లైతే, తెలుగు పాఠం చెప్పే పండితుడు ఆంగ్ల వాక్యాన్ని కూడా విడమరచి చూపగలుగుతాడు. అప్పుడు ద్విభాషా పుస్తకంలోని ఎదురెదురు పుటలు తాండవకు ఇరువైపులా ఉన్న ఊళ్ళవలె వేరువేరుగా నిలిచినా, వాటి మధ్య రాకపోకలకు వంతెన ఏర్పడుతుంది.